మూడో రోజు, మూడు సీసాలు

పక్షవాతం వచ్చిన మనిషి రెండో రోజు పొద్దున నవ్వితే చుట్టూ ఉన్నవాళ్లకు ధైర్యం వస్తుంది. నాకు భయం వేస్తుంది. ఉద్యోగం మానేసి పదిహేనేళ్లయినా ఆ భయం మానలేదు. అది ఎక్కడ పుట్టిందో ఇప్పుడు వార్డుల్లో తిరుగుతున్న చిన్న డాక్టర్లకు, సిస్టర్లకు చెబుదామని ఇది రాస్తున్నాను. మీ దగ్గర తల లోపలి బొమ్మను నిమిషాల్లో చూపే యంత్రాలున్నాయి. నా తప్పు యంత్రం లేక జరిగింది కాదు. కాబట్టి మీకూ పనికొస్తుంది.

సిద్దిపేటకు రాకముందు నేను హైదరాబాదులో ఒక వైద్య కళాశాల పెథాలజీ విభాగంలో రెండేళ్లు పనిచేశాను. మా ప్రొఫెసరు దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. పక్షవాతంతో చనిపోయినవారి మెదడునుంచి కోసి, రంగు అద్ది, గాజుపలకల మీద పరిచిన పలుచని ముక్కలు అందులో వరుసగా ఉండేవి. మొదటి రోజు పోయినవారివి ముందు, మూడో రోజు పోయినవారివి తర్వాత, పదో రోజు పోయినవారివి చివర. ఒక వారమంతా నన్ను ఆ పెట్టె ముందు కూర్చోబెట్టారు. "నాడీకణాన్ని అందరూ చూస్తరు. నువ్వు దాని పక్కన ఉన్నవాటిని చూడు" అన్నారు.

పక్కన ఉన్నవి ఆసరా కణాలు. నక్షత్రం ఆకారంలో, సన్నని కొమ్మలతో ఉంటాయి. కొమ్మల చివర్లు పాదాల్లా వెడల్పై, వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాన్ని అన్ని వైపులనుంచీ పట్టుకుని ఉంటాయి. ఆ నాళపు గోడలోని కణాలు ఒకదానికొకటి ఎంత బిగుతుగా అతుక్కుంటాయంటే, రక్తంలో ఉన్నదంతా మెదడులోకి ఊరడానికి వీలుండదు. రక్తం ఆగిపోతే ముందు ఈ ఆసరా కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. తర్వాత గోడ అతుకులు వదులవుతాయి, నీరు బయటకు ఊరుతుంది. మొదటి రోజు పలకలో ఇది మొదలవుతూ కనిపించేది. మూడో రోజు పలకలో నక్షత్రాలు నానిన సగ్గుబియ్యంలా ఉండేవి. పదో రోజు పలకలో, బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి పాడైన చోటు చుట్టూ కంచె కడుతుండేవి. కంచె దాకా చేరడమే కష్టం. పుర్రె సాగదు. వాచిన మెదడు పోవడానికి కిందివైపు ఒక్క సందే ఉంది, ఊపిరిని నడిపే భాగం ఉన్నదీ అక్కడే.

"మెదడు ముక్క చచ్చేది మొదటి గంటలల్ల. మనిషి చచ్చేది మూడో దినం. ఈ రెంటి నడుమ డాక్టరు ఉండాలె" అనేవారు ప్రొఫెసరు. నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నది మరిచిపోనని నా నమ్మకం.

ఎనభైల చివర్లో నేను సిద్దిపేటలో ముప్పై మంచాల ఒక ధర్మ దవాఖానలో చేరాను. ఇప్పుడు ఆ భవనం లేదు. ఇద్దరం డాక్టర్లం, ఆరుగురు సిస్టర్లు. లెక్క ప్రకారం ఉండటం నా పట్టింపు. మందు పేరు రాసి మోతాదు రాయకపోయినా, సీసా పేరు రాసి ఎన్ని సీసాలో రాయకపోయినా ఆ కాగితాన్ని తిప్పి పంపేవాణ్ణి. పెద్ద సిస్టరు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. నన్ను చాటుగా 'తక్కెడ సారు' అనేదని నాకు తెలుసు. పేరు నాకు నచ్చింది కూడా.

ఒక చలికాలం, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఒక నేతపనివాణ్ణి తీసుకొచ్చారు. నలభై ఎనిమిదేళ్లు. గొల్లభామ చీర నేస్తూ మగ్గం మీదే పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. స్పృహ ఉంది, కళ్లు నా మొహాన్నే వెతుకుతున్నాయి. నాళం మూసుకుపోయిందా, చిట్లిందా తేల్చే స్కానింగు హైదరాబాదులో తప్ప లేదు. తలనొప్పి లేదు, వాంతి లేదు, మెడ బిగుసుకోలేదు. మూసుకుపోయిందనే నిర్ణయానికి వచ్చాను. వంద కిలోమీటర్ల గుంతల దారిలో ఆ తలను కుదపడం ఇష్టంలేక ఇక్కడే ఉంచాను. నరంలోకి ఉప్పునీరు మాత్రమే, ఎనిమిది గంటలకు ఒక సీసా, అని రాశాను.

వెంట వచ్చినవారు ఇద్దరు. అతని భార్య, అతని అన్న. అన్న భివండిలో మిల్లు మగ్గాల మీద పనిచేసి వచ్చినవాడు, నలుగురిలో మాట చెల్లేవాడు. సీసా మీది రాత చదివించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఉప్పు నీళ్లేంది సార్? మా తమ్మునికేమన్న మామిడికాయ తొక్కు పెడుతున్నరా?"

సిస్టరు నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోవలసిన అవసరం రాలేదు.

"అతనికి కావలసింది అదే" అన్నాను.

"మా గల్లీల ఒకామెకు ఉత్త జరమొస్తె మూడు గ్లూకోజులు ఎక్కిచ్చిన్రు. పాణం మీదికొచ్చినోనికి ఉప్పు నీళ్లా? సూడొచ్చినోళ్లు ఏమనుకుంటరు సార్? అన్న ఉండి గూడ గ్లూకోజ్ పెట్టియ్యలేదంటరు."

ఆ రోజుల్లో మా దగ్గర గ్లూకోజు మందు కాదు, మర్యాద. రోగిని చూడవచ్చినవారు ముందు తల మీద వేలాడే సీసాను చూసి, ఆ తర్వాత రోగిని చూసేవారు. అది నాకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. గ్లూకోజు సీసాలోని చక్కెరను ఒళ్లు వాడేసుకుంటుంది. మిగిలేది ఉత్త నీరు. ఉప్పునీరు నాళాల్లో నిలుస్తుంది. ఉత్త నీరు నిలవదు, ఉబ్బిన కణం ఎక్కడుంటే అక్కడికి పోయి దాన్ని ఇంకా ఉబ్బిస్తుంది. మూడో రోజు పలక నా కళ్ల ముందే ఉంది. "వద్దు" అన్నాను.

మంగళవారం పొద్దున అతను నవ్వాడు. మూతి ఒక పక్కకే కదిలినా అది నవ్వే. నా రెండు వేళ్లు కుడిచేతిలో పెడితే కొద్దిగా వత్తాడు. భార్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నిమ్మలమైంది సార్, నిమ్మలమైంది" అంది. మధ్యాహ్నానికి గల్లీ సగం వచ్చి వరండాలో కూర్చుంది. అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో సంచీ, సంచీలో మందుల దుకాణంనుంచి కొన్న మూడు గాజు సీసాలు.

"తెచ్చిన సార్. మీకేం తక్లీబు లేదు. మంచిగైతుండు గద, జర బలమొస్తది."

"చెప్పాను కదా, పెద్దాయనా."

"చెప్పిన్రు. గని రెండు దినాలాయె, కడుపుల మెతుకు లేదు. గీ నీళ్లకన్న నోచుకోడా వాడు?"

అతని వెనక భార్య నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. పక్క వార్డులో ఒక కాన్పు నాకోసం ఆగి ఉంది. వరండాలో ముప్పై మంది ఉన్నారు. నా చెయ్యి వత్తిన ఆ కుడి చెయ్యి కూడా, ఇప్పుడు అనిపిస్తుంది, నన్ను మెత్తబరిచింది. కేసు కాగితం తీసుకుని 'గ్లూకోజ్ ఐదు శాతం ఎక్కించవచ్చు' అని రాసి సంతకం చేశాను. మనసులో ఉన్నది ఒక్క సీసా. కాగితం మీద ఆ 'ఒకటి' లేదు.

మా వార్డుల్లో ఒక ఆనవాయితీ ఉంది. సంఖ్య లేని ఆర్డరు డాక్టరు ఆపమనే దాకా నడుస్తుంది. ఆ ఆనవాయితీని మాన్పించడానికి రెండేళ్లు పోరాడినవాణ్ణి నేనే.

బుధవారం పొద్దున ఏడున్నరకు వార్డులో అడుగుపెట్టాను. మొదట కనిపించింది మంచం కింద పక్కపక్కనే నిలబెట్టిన మూడు ఖాళీ సీసాలు. ఒక్కొక్కటి ఐదు వందల నలభై మిల్లీలీటర్లు. మొత్తం పదహారు వందల ఇరవై.

"పండుకున్నడు సార్, లేపుతె లేస్తలేడు. మంచిగ నిద్ర పట్టింది" అంది భార్య.

వంగి పిలిచాను. రెండుసార్లు పిలిస్తే కన్ను సగం తెరిచి మూసేశాడు. టార్చి వేశాను. కుడి కనుపాప మూడు మిల్లీమీటర్లు, వెలుతురుకు ముడుచుకుంది. ఎడమది దాదాపు ఆరు. టార్చి ఎంత దగ్గరికి తెచ్చినా బద్ధకంగా కదిలి ఆగిపోయింది. మీకు అనుభవం లేకపోతే చెబుతాను: ఒక కనుపాప మాత్రమే అలా పెద్దదైందంటే వాచిన మెదడు కిందికి జరగడం మొదలుపెట్టిందని అర్థం. గంటలు మిగిలి ఉండవచ్చు, నిమిషాలు మిగిలి ఉండవచ్చు. ఎన్నో ఎవరూ చెప్పలేరు.

"సిస్టర్, మానిటాల్!"

మెదడులోని నీటిని నాళాల్లోకి లాగే మందు అది. అప్పట్లో మా చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. స్టోరులో రెండు సీసాలున్నాయి. పెద్ద సిస్టరు తెచ్చి వెలుతురుకెత్తి చూపింది. చలికి మందు గడ్డకట్టింది. అడుగున కలకండ పలుకుల్లా తెల్లని స్ఫటికాలు. ఆ పలుకు ఒక్కటి నరంలోకి పోయినా ప్రమాదం.

"ఎట్ల సిస్టర్?" అన్నాను.

"మీరు గీడనే ఉండున్రి సార్. కన్ను చూస్కుంట ఉండున్రి" అని ఆమె రెండు సీసాలనూ కొంగులో చుట్టుకుని గేటు బయటి చాయ్ హోటలుకు పరుగెత్తింది. ఆ వయసులో ఆమె పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. హోటలాయన చాయ్ గిన్నె దింపి నీళ్ల గిన్నె ఎక్కించాడట. కాచిన నీళ్లలో సీసా తిప్పుతూ ఆమె, ఇక్కడ గడియారం చూస్తూ నేను. పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాల్లో నేను చేయగలిగింది ఒక్కటే: అతని అన్నతో కలిసి మంచాన్ని తలవైపు ఎత్తి కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టడం. అతని ఊపిరి మధ్యలో ఒకసారి ఆగింది. నేను ఎంత లెక్కపెట్టానో చెప్పలేను, లెక్క తప్పాను. మళ్లీ వచ్చింది.

ఇటుకలు పెడుతూ అన్న నన్నే చూస్తున్నాడు. "ఏమైంది సార్? నిన్న మంచిగనే ఉండె గద?"

"తల లోపల వాపు వచ్చింది."

"గ్లూకోజ్ పెట్టినంక గూడనా?"

ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక చివర ఉంది. చెప్పలేదు.

సీసా వచ్చింది. పలుకులన్నీ కరిగిపోయాయి. మనిషి బరువు యాభై ఐదు కిలోలు. కిలోకు ఒక గ్రాము. ఇరవై శాతం ద్రావణంలో రెండు వందల డెబ్బై ఐదు మిల్లీలీటర్లు. ఈసారి సంఖ్య రాశాను. ఇరవై నిమిషాల్లో ఎక్కించాం. సిస్టరు ఎడమ కన్ను రెప్ప ఎత్తి పట్టుకుంది, నేను టార్చి పట్టుకున్నాను. మొదటి అరగంట ఏమీ మారలేదు. నలభై నిమిషాలకు కనుపాప ఐదుకు వచ్చింది. గంటకు నాలుగు.

"ముడుసుకుంటుంది సార్" అంది సిస్టరు. అని నా మొహం చూసి, మెల్లగా, "మీరు జర కూసోండ్రి" అంది.

మిగిలిన మందు సాయంత్రం దాకానే సరిపోతుంది. ఊళ్లోని దుకాణాల్లో లేదు. అన్న హైదరాబాదు బస్సెక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు కుకునూరుపల్లి దగ్గర బస్సు టైరు పోతే, ఉల్లిగడ్డల లారీ ఆపి, మందు సీసాలను ఒళ్లో పెట్టుకుని చీకటి పడకముందే వచ్చాడు. గురువారం, శుక్రవారం ఆరు గంటలకొకసారి మందు, గంటకొకసారి టార్చి. ఆ రెండు రోజులూ నేను ఇంటికి పోయింది స్నానానికి మాత్రమే. ఇంట్లో అద్దం ముందు నిలబడి నా కనుపాపలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. నా భయం అక్కడిదాకా పెరిగింది.

ఏడో రోజున అతను కళ్లు తెరిచి భార్య కోసం వెతికాడు. నెలకు కర్ర పట్టుకుని నడిచాడు. మాటలు నాలుగైదు తిరిగి వచ్చాయి. కుడి చెయ్యి రాలేదు. మంగళవారం నా వేళ్లు వత్తిన చెయ్యి.

ఇంటికి పంపే రోజున భార్య నా కాళ్లకు మొక్కబోయింది. "గ గ్లూకోజ్ తోనే బతికిండు సార్. మీరు మా మాట విన్నరు గన్కనే బతికిండు." పక్కన సిస్టరు కాగితాలు సర్దుతూ తల ఎత్తలేదు. నేను "మందులు మానొద్దమ్మా" అన్నాను. ఒక ఖాళీ గ్లూకోజు సీసాను ఆమె అడిగి తీసుకుపోయింది.

వాళ్లు పోయాక సిస్టరు ఒక్క మాట అంది: "తక్కెడ గట్టిగనే ఉన్నది సార్. తూకం రాళ్లే మాయమైనయి."

ఇక్కడితో ఆగితే ఇది తప్పించుకున్న మనిషి కథ అయ్యేది. రెండు నెలల తర్వాత అదే గల్లీనుంచి ఒక ముసలమ్మను తీసుకొచ్చారు. ఎడమ పక్క పడిపోయి అప్పటికి రెండు రోజులు. స్పృహ లేదు. కుడి కనుపాప పూర్తిగా విచ్చుకుని ఉంది.

"ఇన్ని రోజులు ఏం చేశారు?" అన్నాను.

ఆమె కొడుకు కొంచెం గర్వంగానే చెప్పాడు: "ఉత్తగ లేం సార్. సూదులేసేటాయనను పిలిచి ఇంట్లనే నాలుగు గ్లూకోజులు పెట్టిచ్చినం. మీరు గ మగ్గమాయనను గట్లనే బతికిచ్చిన్రు గద!"

మానిటాల్ ఇచ్చాం. సాయంత్రానికి ఆమె పోయింది. ఆమెది పెద్ద వయసు, పెద్ద దెబ్బ. సీసాలు లేకపోయినా పోయేదేమో. ఏమో. ఆ 'ఏమో'తో నేను మూడు రోజులు గడిపి, నాలుగో రోజు మధ్యాహ్నం నేతపనివాడి ఇంటికి పోయాను.

అతను గడప దగ్గర ఎండకు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు. మగ్గం మీద ఇప్పుడు అన్న కూర్చుంటున్నాడు. ఆ వేళ లేడు. భార్య చరఖా ముందు కండెలు చుడుతోంది. వెనక గోడకు దేవుని పటాలు, పటాల పక్కన గూట్లో ఆ గ్లూకోజు సీసా, పసుపు కుంకుమ బొట్లు పెట్టి. దాన్ని చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే చెప్పాను. తలలో నాళాలుంటాయని, వాటి గోడ దగ్గరగా నేసిన బట్టలాంటిదని, దెబ్బ తగిలితే పోగులు వదులై నీళ్లు కారతాయని, చుట్టూ పట్టుకుని ఉన్న కణాలు ఆ నీళ్లకు ఉబ్బుతాయని. ఆ నీళ్లు మూడు సీసాలు నేనే పోయించానని.

చరఖా ఆగింది.

"గ సీసలతోనేనా సార్, ఆయన చెయ్యి పోయింది?"

"చెప్పలేనమ్మా. మూడో రోజు వాపు ఎట్లయినా వచ్చేది. సీసాలు ఎంత పెంచినయో నాకు తెలియదు. పెంచినయని మాత్రం తెలుసు."

"మేమే అడిగితిమి గద?"

"అడిగిన్రు." అంటున్నప్పుడు నాలో ఎక్కడో చిన్న ఊరట కదిలింది. దాచను. ఆమే నన్ను విడిచిపెడుతుందని అనుకున్నాను.

ఆమె భర్త వైపు చూసింది, నా వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"మేము తెల్వక అడిగినం సార్. మీరు తెలిసి ఇచ్చిన్రు."

లేచి గూట్లోంచి సీసా తీసింది. కొంగుతో బొట్లు తుడిచింది. మూలనున్న డబ్బా వంచి సీసాలో పొయ్యి ముట్టించే గాసునూనె పోసుకుని, మూతికి గుడ్డ కుక్కి, పొయ్యి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది.

"యాడికి?" అన్నాడు భర్త. అతనికి తిరిగి వచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి.

"గల్లీల చెప్పొస్త. లేకుంటె ఇంకెవలన్న ఎక్కిచ్చుకుంటరు" అని నా వైపు తిరిగింది. "మీరు గూడ రాండ్రి సార్. నేను చెప్తె వినరు. ముందుగాల ముసలమ్మ కొడుకు ఇంటికే పోదాం."

నేను ఆమె వెనక నడిచాను. ఆ గల్లీలో ఇరవై ఆరు ఇళ్లు. ఇరవై ఆరు గడపల దగ్గరా అదే మాట చెప్పాను, మొదటి గడప దగ్గర అన్నిటికన్నా ఎక్కువ సేపు నిలబడ్డాను. మూడు సీసాలు, ఒక్కొక్కటి ఐదు వందల నలభై, అని సంఖ్యతో సహా చెప్పాను.